కాజాల సాక్ష్యం

"ముప్ఫై ఎనిమిది," అన్నాడు మేస్త్రీ, టేపును ఛాతీ చుట్టూ మూడోసారి బిగించి. "మళ్ళీ అదే."

"మూడుసార్లు కొలిస్తే తగ్గుతుందిట్రా?" అన్నది అక్కగారు, దుప్పట్లను సంచిలోకి కుక్కుతూ. "రెండింటి బస్సు తప్పితే ఇవాళ్టికి ఇంకోటి లేదు. ముందు చొక్కా తొడుక్కో."

మేస్త్రీ వినిపించుకోలేదు. టేపు తీసి మెడకు చుట్టుకున్నాడు. పదిహేనున్నర. అద్దం అంచున దోపిన చీటీ వంక చూశాడు. అక్కడా పదిహేనున్నరే.

ఆ చీటీ పొద్దున్న కొట్టు షట్టరు కింద దొరికింది. పేరు లేదు, సంతకం లేదు, బెదిరింపు మాట ఒక్కటీ లేదు. ఒకదాని కింద ఒకటిగా ఆరు అంకెలు మాత్రం ఉన్నాయి. మరొకరి ఇంట్లోనైతే ఆ కాగితాన్ని ఊడ్చి చెత్తబుట్టలో పారేసేవారు. ఇది మూడు తరాలుగా కత్తెర పట్టిన ఇల్లు; ఇక్కడి పిల్లలకు అక్షరాలకన్న ముందు అంగుళాలు వస్తాయి. పొడుగు, ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, మెడ అని మేస్త్రీ ఆ అంకెలను గుక్కతిప్పుకోకుండా చదివేశాడు. చదివాక, అవి తన ఒంటి కొలతలేనని తెలిసి, కత్తిరింపు బల్లమీద కూలబడ్డాడు. అప్పటినుంచి కొలుచుకుంటూనే ఉన్నాడు.

"పదకొండు రోజులు!" అన్నాడు ఇప్పుడు. "పదకొండు రోజులు ఆ దీపస్తంభానికి ఆనుకుని నన్నే చూశాడు. ఎందుకో ఇప్పుడు తెలిసిందా? రోడ్డవతలినుంచి కళ్ళతోనే నా కొలతలు తీశాడు. అంగుళం తేడా లేదక్కా! అర అంగుళం కూడా లేదు!"

"చంపేవాడికి కొలతలెందుకురా? నీకేమన్నా సూటు కుట్టిస్తాడా?"

"నీకన్నీ వేళాకోళాలే."

"మరి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నువ్వు ఏకంగా భుజాలు కొలుచుకుంటున్నావు."

కిటికీ రెక్కను సందుమాత్రం తెరిచి వీధిలోకి చూస్తున్న కూతురు కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నది. "నాన్నా, ఊళ్ళో సగంమంది ముప్ఫై ఎనిమిదే. నువ్వే అంటావుగా."

"మెడో? పదిహేనున్నర మెడ సగంమందికి ఉంటుందా?"

"పోలీసులకి చెబుదాం అయితే."

"ఏమని చెప్పను? అయ్యా, ఒకడు నాకు ఆరు అంకెలు రాసి పంపాడు, కాపాడండి అనా? లెక్కల మేష్టారి దగ్గరికి పొమ్మంటారు."

ఈ మాటలన్నీ వెనకగది గడపమీద కూర్చున్న ఇల్లాలి చెవిన పడుతూనే ఉన్నాయి. ఆమె ఒళ్ళో రేపు ఇవ్వవలసిన చొక్కా ఉన్నది. మెడ దగ్గర ఇంకొక్క కాజా మిగిలింది. గుండీ దూరే చీలిక చుట్టూ, పోగు లేవకుండా, చిన్నచిన్న ముడులతో గోడ కట్టినట్టు ఆమె దారం వేసుకుపోతున్నది. సూది ఆమె ఎడమచేతిలో ఉన్నది.

ఆ సంగతి ఇల్లు దాటి ఎవరికీ తెలియదు. వీధివీధంతా ఆమె భర్తను "కాజాల మేస్త్రీ" అని పిలుస్తుంది. కోట్లు కుట్టేవాళ్ళు ఊళ్ళో మరో నలుగురున్నారు గాని, ఆ కాజా మాత్రం ఎవరికీ పట్టుబడలేదు. ముడులన్నీ ఎడమవైపుకు ఒక్క తీరుగా వాలి, గాలికి వంగిన వరిమడిలా ఉంటాయి. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పనితనం చూసి మామగారు మురిసిపోయి, ఆ వెంటనే తలుపు వేయించారు. "ఎడమచేతి కుట్టని తెలిస్తే గిరాకీ రాదమ్మా. లోపల కూర్చుని కుట్టు." మామగారు పోయారు. తలుపు అలాగే ఉన్నది. ఎవరైనా అడిగితే మేస్త్రీ మీసం సవరించుకుని, "కాజా నలుగురిలో కుట్టేది కాదండీ, అదొక ఏకాగ్రత," అనేవాడు.

ఆ మాటే కోర్టుదాకా వెళ్ళింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక బట్టల గిడ్డంగి తగలబడింది. కాపలావాడు చేతులు కాల్చుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. నిప్పు పెట్టినవాడు గోడ దూకే తొందరలో కోటును ముళ్ళకంచెకు వదిలిపోయాడు. పోలీసులు దాన్ని తెచ్చి మేస్త్రీ ముందు పరిచారు. బోనెక్కి ఆయన చెప్పిన సాక్ష్యం ఈనాటికీ వీధికి కంఠతా వచ్చు: "ఈ కోటు ఇతనికి నేను కుట్టిందేనయ్యా. కాజాలు చూడండి. అవి నా చేత్తో కుట్టినవి. కన్నతల్లి బిడ్డను గుర్తుపట్టదా?"

కోర్టు నవ్వింది. నమ్మింది. శిక్ష విన్న మనిషి జడ్జీ వంక చూడలేదు. మేస్త్రీ వంక చూసి ఒక్క మాట అన్నాడు. "బయటికొచ్చాక తిన్నగా మీ దగ్గరికే వస్తాను, మేస్త్రీగారూ."

వచ్చాడు. పదకొండు రోజులుగా పొద్దున్న పదింటికి వచ్చి, మధ్యాహ్నందాకా ఎదురుగా నిలబడి, ఒక్క మాటా లేకుండా వెళ్ళిపోతున్నాడు.

చొక్కామీద చివరి ముడి వేసి ఇల్లాలు దారం తెంపింది.

"నేను రాను," అన్నది.

అక్కగారి చేతిలో సంచి ఆగిపోయింది. "ఎక్కడికి రావు?"

"బస్సుకి. మీరు పిల్లని తీసుకుని వెళ్ళండి వదినా. నేను ఉంటాను."

"ఉండి? వాడొస్తే హారతిస్తావా?"

"వచ్చి ఏమంటాడో వింటాను."

మేస్త్రీ టేపు జారవిడిచి వెనకగదిలోకి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. "నీకు ప్రాణమంటే తీపి లేదా? పోనీ, నా ప్రాణమంటే?"

"ఏమండీ, ఒక్క మాట అడగనా?"

"ఇప్పుడు కాదు."

"ఏం మాటో తెలుసా మీకు?"

ఆయన గోడకు చేరవేసిన ఇస్త్రీ బల్ల వంక, దానిమీది మసి మరక వంక, ఆ మరక ఇవాళే కొత్తగా పడినట్టు చూస్తూ నిలబడ్డాడు. తెలుసునని ఆమెకు అర్థమైంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇద్దరిమధ్య ఆ మాట, మడతపెట్టి అటకమీద పెట్టిన బట్టలా, ఎవరూ దించకుండా ఉండిపోయింది.

ఆయన భయం ప్రాణభయం. ఆమెది వేరు.

ఆ ఏడు ఒకే బూడిదరంగు తానులోంచి మేస్త్రీ రెండు కోట్లు కుట్టాడు. మొదటిది, ఇప్పుడు జైలునుంచి వచ్చిన ఈ మనిషికి. రెండోది ఒక గుత్తేదారుకు. ఇద్దరూ అప్పట్లో ఏనుగుల్లాంటి వాళ్ళే. చేతులు చాచి నిలబెడితే కొలతల్లో అంగుళం తేడా. మొదటి కోటుకు కాజాలు ఆమె కుట్టింది. రెండోది ముగిసే వేళకు ఎడమచేతిమీద వేడినీళ్ళు పడి ఆమె సూది పట్టలేకపోతే, ఆ కాజాలు మేస్త్రీయే కుట్టుకున్నాడు. గుత్తేదారు ఆ నెలలోనే ఊరు విడిచిపోయాడు.

కాబట్టి బోనులో "నా చేత్తో కుట్టినవి" అన్న మాటకు ఆమె లెక్కలో రెండే దారులు. అది గొప్పకు పోయి ఆడిన అబద్ధమైతే, కోటు ఈ మనిషిదే, శిక్ష న్యాయమే. అది అక్షరాలా నిజమైతే, కంచెకు దొరికినది గుత్తేదారు కోటు. ఏ పాపమూ ఎరుగనివాడు తొమ్మిదేళ్ళు జైల్లో మగ్గాడు.

కోటును ఆమెకు ఎవరూ చూపలేదు. భర్తను ఆమె అడగలేదు. అడిగితే ఆయన చెబుతాడేమోనని భయం.

"ఇవాళన్నా చెప్పండి," అన్నది, గొంతు తగ్గించి. "ఆ కాజాలు..."

షట్టరుమీద మూడు దెబ్బలు పడ్డాయి.

గట్టివి కావు. వేలి కణుపులతో, మర్యాదగా.

"అమ్మా," అన్నది కూతురు కిటికీ దగ్గరినుంచి, నోరు సగమే కదిపి. "స్తంభం దగ్గర లేడు."

మేస్త్రీ పెద్ద కత్తెర అందుకున్నాడు. అక్కగారు ఇస్త్రీ పెట్టె ఎత్తింది. అది చల్లారి గంటైంది గాని, బరువుకు లోటు లేదు. వాళ్ళిద్దరూ ముందు నడుస్తారేమోనని ఇల్లాలు ఒక్క క్షణం ఆగింది. ఇద్దరూ ఆమె వెనక్కి చేరారు. ఆమె వెళ్ళి షట్టరు నడుము ఎత్తుదాకా లేపింది.

వంగి లోపలికి వచ్చిన మనిషిని చూసి మొదట ఆమె గుర్తుపట్టలేదు. ఏనుగు ఏదీ? బుగ్గలు పీక్కుపోయి, చొక్కా భుజాలమీద చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతున్నది. చంకలో ఒక గుడ్డసంచి. అతను కత్తెరను చూశాడు, ఇస్త్రీ పెట్టెను చూశాడు, చెప్పులు బయటే విడవనందుకు కోప్పడుతున్నారనుకున్నాడో ఏమో, రెండడుగులు వెనక్కి వేసి చెప్పులు విడిచి మళ్ళీ వచ్చాడు.

"మేస్త్రీగారూ," అన్నాడు. "చీటీ అందిందాండీ?"

అక్కగారు ఇస్త్రీ పెట్టెను ఇంకాస్త పైకెత్తింది.

"కొలతలు సరిగ్గా రాశానో లేదోనని. ఎవరి ఒళ్ళు వాళ్ళు కొలుచుకుంటే భుజం దగ్గర మోసం వస్తుంది. మీరొకసారి టేపు పెట్టి చూస్తే మంచిది."

"ఎవరి..." అన్నాడు మేస్త్రీ. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఎవరి కొలతలవి?"

"నావేనండి."

"నీవా?"

"అప్పట్లో మీ టేపుకి నలభై ఆరు వచ్చేవాణ్ణి. లోపల తిండికి ముప్ఫై ఎనిమిదికి దిగాను." అతను సిగ్గుపడినట్టు తన పొట్ట వంక చూసుకున్నాడు. "అందుకే ముందుగా రాసి పంపాను. చూస్తే నమ్మరేమోనని."

మొదట వినిపించినది అక్కగారి నవ్వు. ఇస్త్రీ పెట్టె బల్లమీద దించి, రెండు చేతులా నోరు మూసుకున్నా ఆగని నవ్వు. "ఒరే తమ్ముడూ! పొద్దుటినుంచి ఇతగాడి ఒళ్ళు కొలుస్తున్నావురా నువ్వు!" కూతురు గోడకు జారగిలబడి నేలమీద కూర్చున్నది. మేస్త్రీ కుర్చీ ఎక్కడుందో చేత్తో వెతుక్కుని, కత్తెరతో సహా కూర్చుని, నెత్తిన చల్లని నీళ్ళకుండ బోర్లించినట్టు గుటకలు వేశాడు.

"మంచినీళ్ళివ్వవే," అన్నాడు కూతురితో. "ఆయనకి. కాదు, ముందు నాకు."

వచ్చినవాడికి ఏమీ అర్థం కాలేదు. ఇచ్చిన నీళ్ళు తాగి, చూపిన స్టూలుమీద అంచున కూర్చున్నాడు.

"మరి పదకొండు రోజులూ ఆ స్తంభం దగ్గర ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగింది అక్కగారు. "బల్లులు లెక్కపెడుతున్నావా?"

"లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదమ్మా. కోర్టులో నేనన్న మాట వీళ్ళకి గుర్తుంటుందిగా. రోజూ ఇవాళ వెళ్దాం అనుకోవడం, మేస్త్రీగారు కత్తెర ఎత్తడం చూడడం, రేపు చూద్దాంలే అనుకోవడం. చివరికి చీటీ రాశాను."

"ఆ మాట కోపంతోనే అన్నావుగా?" అన్నాడు మేస్త్రీ. ప్రాణం కుదుటపడిన కొద్దీ ఆయన గొంతులోకి మీసం తిరిగివస్తున్నది.

"కోపంతోనే అన్నానండీ. అబద్ధమెందుకు? మొదటి ఏడాదంతా పడుకునే ముందు మిమ్మల్ని చంపేవాణ్ణి." మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "రెండో ఏడు నన్ను కుట్టుమిషన్ల షెడ్డులో వేశారు. అక్కణ్ణుంచి ఆ ఆలోచన నడవలేదు."

సంచిలోంచి అతను ఒక బూడిదరంగు బట్ట పైకి తీశాడు. దాని మెడకు కోర్టువాళ్ళ అట్టముక్క ఇంకా వేలాడుతున్నది.

"విడుదలైన రోజున తిరిగి ఇచ్చారు. సోమవారం నేనొక పనిలో చేరాలి. కుట్టుపని నేర్పే బడిలో, కొత్తవాళ్ళకి మిషను తొక్కడం చూపించే పని. ఉన్న కోటు ఇదొక్కటే. ఎనిమిది అంగుళాలు లోపలికి పట్టాలి. లోపల మాకు చొక్కాలు, లాగులే గాని కోటు నేర్పలేదు. అయినా కుట్టిన చెయ్యే విప్పాలి గదండీ."

"ఇలా ఇవ్వు," అని మేస్త్రీ చెయ్యి చాచాడు.

ఇల్లాలి చెయ్యి ముందు చేరింది.

ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. కోటు తీసుకుని, కూతురు సందుచేసిన కిటికీ రెక్కను బార్లా తెరిచి, వెలుగులోకి పట్టింది. వెనకనుంచి మేస్త్రీ, "దులిపి చూడవే, దుమ్ముంటుంది," అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆమె బొటనవేలితో మొదటి కాజాను నిమిరింది. తర్వాత కళ్ళతో చూసింది.

ముడులన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

రెండోది చూసింది. మూడోది. మూడోదాని చివర ఒక ముడి రెండుసార్లు పడింది. ఆ పూట కూతురు జ్వరంతో ఏడుస్తుంటే మధ్యలో లేచి వెళ్ళి వచ్చి, ఎక్కడ ఆపిందో మరిచిపోయి మళ్ళీ వేసిన ముడి. కన్నతల్లి బిడ్డను గుర్తుపట్టడం అంటే ఇది.

ఇతని కోటే. ఇతనే.

ఆమె కిటికీ చువ్వ పట్టుకున్నది. తొమ్మిదేళ్ళుగా గుండెమీద ఉన్న బరువు, అలవాటై, ఉన్నదన్న సంగతే మరిచిపోయిన బరువు, దిగినప్పుడు గాని ఎంతటిదో తెలియలేదు. భర్త ఒక నిరపరాధి మెడకు ఉరి తాడు పేనలేదు. గొప్పకు పోయాడు, అంతే. బోనులో నిలబడి భార్య పనిని తన పనని చెప్పుకున్నాడు. ఎంత చిన్న అబద్ధం! ఆ పూటకు ఆ చిన్నతనంమీద ఆమెకు ముద్దొచ్చినంత పనైంది. వెనక్కి తిరిగి ఆయన వంక చూసి నవ్వింది. ఆయన తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ళ ప్రశ్నకు అదే జవాబు.

"కుట్టి ఇస్తారండీ," అన్నది వచ్చినవాడితో, కళ్ళు తుడుచుకుంటూ. "సోమవారానికి అందుతుంది."

"కుడిచెయ్యి చంక దగ్గర కాస్త వదులుంచుతాను," అని మేస్త్రీ ఉత్సాహంగా లేచాడు. "మిషను చూపించే చెయ్యి, ఆడాలిగా. రా, ఇటు నిలబడు. అక్కా, ఆ సంచులు విప్పేయ్. బస్సూ లేదు గిస్సూ లేదు."

కొలతలు మొదలయ్యాయి. అక్కగారు సంచి విప్పి దుప్పట్లు దులుపుతూ, పొద్దుటి భయాన్నంతా తమ్ముడికి అప్పజెబుతున్నది: ఎలా వణికాడు, చీటీని పటకారుతో ఎలా పట్టుకున్నాడు. వచ్చినవాడు కూడా నవ్వుతున్నాడు. చేతులు చాచి నిలబడి, మేస్త్రీ టేపుకు ఒళ్ళు అప్పగించి, చాలా రోజుల తర్వాత ఎవరో దయగా తాకినట్టు కళ్ళు సగం మూసుకున్నాడు.

"ఒకటి చెప్పనాండీ," అన్నాడు అలాగే. "ఆ కోర్టులో అందరూ అబద్ధాలే ఆడారు. నా వకీలు, అవతలి వకీలు, గిడ్డంగివాళ్ళు. అందరికన్నా ఎక్కువ నేనాడాను. నిజం చెప్పింది మీరొక్కరే. తన చేతిపని చూసి ఇది నాదని చెప్పగల మనిషి! షెడ్డులో మిషను తొక్కుతూ అదే అనుకునేవాణ్ణి. నా బతుకులో ఇది నాదని చెప్పుకునే పని ఏదన్నా ఉందా అని. ఆ మాట పట్టుకునే పని నేర్చుకున్నాను. సోమవారం ఆ పిల్లలకి మొదట చెప్పేది కూడా మీ కథే."

టేపు మేస్త్రీ చేతిలో కొద్దిగా జారింది. "అంత పెద్ద మాటలెందుకులే," అన్నాడు.

"ఇంకొక్క కోరిక." అతను చొక్కా జేబులోంచి గుడ్డపీలికల కట్ట తీసి బల్లమీద పరిచాడు. పీలిక పీలికకూ కాజాలు. యాభై ఉంటాయి. "ఈ పదకొండు రోజుల్లో నా కోటు ఎదురుగా పెట్టుకుని కుట్టాను. అన్నీ సరిపోతున్నాయి గాని ఈ వాలు రావడం లేదు. నేను కుడితే ముడులు ఇటు వాలుతున్నాయి, మీవి అటు. మీరు కుడుతుంటే చూద్దామని కూడా స్తంభం దగ్గర నిలబడ్డాను. ఒక్క రోజూ ఇక్కడ కాజా కుట్టలేదు మీరు." స్టూలు మేస్త్రీ దగ్గరికి జరుపుకుని, విద్యార్థిలా చేతులు ముడిచి కూర్చున్నాడు. "ఒక్కటి, నా కళ్ళముందు. చాలు."

దుప్పటి దులపడం ఆగింది.

"కాజా నలుగురిలో..." అని మేస్త్రీ మొదలుపెట్టి, పూర్తిచెయ్యలేదు.

"ఇప్పుడా? అన్నం వేళకి?" అన్నది అక్కగారు. "కొలతలిచ్చి వెళ్ళు బాబూ. ఇంకోనాడు చూపిస్తాడు."

"ఒక్కటేగా అమ్మా."

మేస్త్రీ సూది తీసుకున్నాడు. దారం ఎక్కించబోయాడు, ఎక్కలేదు. నాలుకతో తడిచేసి మళ్ళీ ప్రయత్నించాడు. సూదిబెజ్జంలోంచి ఆయన కళ్ళు తిన్నగా భార్యమీదికి వెళ్ళాయి. ఏదో ఒకటి చెయ్యి, అన్నాయి.

చెయ్యడానికి చాలా ఉన్నాయి. పొయ్యిమీద ఏదో మాడిందని అరవవచ్చు. ఆయనకు చూపు ఆనడం లేదని చెప్పవచ్చు. నమ్ముతాడు. నమ్మడం నేర్చుకుని వచ్చిన మనిషి. సోమవారం ఎవరో పిల్లల ముందు నిలబడి, తన చేతిపనిని తాను గుర్తుపట్టిన మేస్త్రీ కథ చెబుతాడు.

పొద్దున్నైతే ఆమె ఆ పనే చేసి ఉండేది. ఇప్పుడు ఆమె ఒంట్లో భయమన్నది వెతికినా చిక్కలేదు.

"ఇలా ఇవ్వండి," అన్నది.

"ఏమే..."

"ఇవ్వండి."

ఆయన వేళ్ళలోంచి సూది తీసుకున్నది. దారం ఒక్కసారికే ఎక్కింది. బల్లమీది పీలికల్లో కాజా లేని దాన్ని ఏరి, అంచు కత్తిరించి, కిటికీ వెలుగుకు ఎదురుగా కూర్చుని, సూదిని ఎడమచేతిలోకి మార్చుకున్నది.

మొదటి ముడి పడింది. అటు వాలింది.

రెండోది దాని పక్కనే, అదే వాలుకు పడింది. మూడో ముడికి సూది లోపలికి దిగుతుండగా స్టూలు కాళ్ళు నేలను గీరిన శబ్దమైంది. అతను లేచాడు. రెండడుగులు వేశాడు. షట్టరు వైపుకో, తన వైపుకో ఆమె చూడలేదు. ముడి నడుమ తలెత్తితే దారం వదులవుతుంది.